గడ్డుకాలంలో చిన్న వ్యాపారి: నష్టాన్ని ఎలా మోయాలి?

దివ్య ఖుర్ఆన్‌లో 'ఖురైష్' అనే చిన్న సూరా ఉంది. నాలుగే ఆయతులు. మన పిల్లలు సైతం కంఠస్థం చేసి నమాజులో పఠించే సూరా ఇది. మక్కావాసుల చలికాలపు ప్రయాణాన్ని, వేసవికాలపు ప్రయాణాన్ని అల్లాహ్ ఇందులో గుర్తుచేశాడు. చలికాలంలో వారి బిడారులు దక్షిణాన యమన్‌కు, వేసవిలో ఉత్తరాన సిరియా ప్రాంతానికి వెళ్ళేవి. పైరు పండని రాతిలోయలో నివసించే ఆ జనానికి ఆకలి తీర్చినవాడు, భయం నుంచి రక్షించినవాడు ఆ గృహ ప్రభువే కనుక ఆయన్నే ఆరాధించాలన్నది ఈ సూరా సారాంశం.

ఉపాధి అల్లాహ్ అనుగ్రహమన్నది ఈ సూరా ఇచ్చే మొదటి పాఠం. దానితోపాటు వ్యాపారస్తుడు గమనించవలసిన మరో విషయం కూడా ఇందులో ఉంది. మక్కా వర్తకులు ఒకే బజారును నమ్ముకుని కూర్చోలేదు. వారికి రెండు రుతువులు, రెండు దారులు, రెండు మార్కెట్లు ఉండేవి. ఈ చిన్న విషయాన్ని మరచిపోతే ఒక ఊరికి ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి మనం ఎంతో దూరం వెళ్ళనక్కరలేదు. నెల్లూరు తీరంలోని బోగోలు మండలాన్ని చూస్తే చాలు.

బోగోలు చూసిన రెండు దెబ్బలు

బోగోలు మండలంలోనే బిట్రగుంట ఉంది. ఆవిరి ఇంజన్ల కాలంలో అది పెద్ద రైల్వే కేంద్రం. అక్కడి లోకో షెడ్డు, రైల్వే కాలనీ చుట్టూ ఎన్నో చిన్న బతుకులు అల్లుకుని ఉండేవి. పాలు పోసేవారు, కూరగాయలు తెచ్చేవారు, బట్టలు కుట్టేవారు, నెల ఖాతా మీద సరుకులిచ్చే కిరాణా దుకాణదారులు... అందరి రాబడీ రైల్వే జీతాల రోజుతోనే ముడిపడి ఉండేది. ఆ మార్గం విద్యుదీకరణ చెంది ఆవిరి ఇంజన్లు తప్పుకున్నాక ఆ షెడ్డు వైభవం ముగిసింది. ఉద్యోగులు బదిలీ అయ్యారు, కాలనీ బోసిపోయింది. సరుకు చెడ్డదై కాదు, కొనేవారు లేక వ్యాపారాలు సన్నగిల్లాయి.

రెండో కథ సముద్రం వైపుది. 1990ల మొదట్లో నెల్లూరు తీరమంతా రొయ్యల గుంటలు వెలిశాయి. 1994-95లో తెల్లమచ్చ వైరస్ పంటను ఊడ్చిపెట్టింది. 1996 డిసెంబరు 11న తీరప్రాంత రొయ్యల సాగుపై సుప్రీంకోర్టు కఠినమైన తీర్పునిచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామీ రకానికి అనుమతి లభించాక సాగు మళ్ళీ పుంజుకుంది. 2016 నవంబరులో పెద్ద నోట్ల రద్దు జరిగినప్పుడు చేతిలో నగదు ఆగిపోయింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి రవాణా స్తంభించింది. ఇక 2025 ఆగస్టులో అమెరికా భారతదేశపు సరుకుపై మొదట 25 శాతం, ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం సుంకం విధించింది. రొయ్యలపై అంతకుముందే ఉన్న సుంకాలు దీనికి అదనం. 2024-25లో మన దేశం చేసిన సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల విలువ 62 వేల కోట్ల రూపాయలకు పైమాటే. అందులో మూడింట రెండు వంతులు రొయ్యలదే. ఆ సరుకుకు అతిపెద్ద కొనుగోలుదారు అమెరికా. సుంకాల అంకెలు ప్రభుత్వాలతోపాటు మారుతుంటాయి. కాని ఒక్క దేశం తీసుకున్న నిర్ణయంతో ఇక్కడ గుంట గట్టు మీది ధర పడిపోయిందన్న వాస్తవం మాత్రం మారదు.

నిన్నటి రైల్వే, నేటి అమెరికా... రెండు కథల్లోనూ పాఠం ఒక్కటే. ఒకే కొనుగోలుదారును నమ్ముకున్న ఊరు ఒక్క దెబ్బకే కుదేలవుతుంది.

నష్టం ఎటు ప్రవహిస్తుంది?

రొయ్య గుంటలో పుట్టి పరదేశంలో పళ్ళెం చేరే లోపు ఎందరి చేతులు మారుతుందో ఆలోచించండి. పిల్లను అమ్మే హేచరీ, మేత అమ్మే డీలరు, మందుల దుకాణం, ఏరేటర్లు బాగుచేసే మెకానిక్, ఐసు ఫ్యాక్టరీ, పట్టుబడి కూలీలు, వ్యాను నడిపేవాడు, కొనుగోలు ఏజెంటు, ప్రాసెసింగ్ ప్లాంటు, ఎగుమతిదారు. వీరిలో ఎక్కువమంది చిన్నవారే. మేత డీలరు కంపెనీకి డబ్బు కట్టాలి, రైతుకు మాత్రం అరువివ్వాలి. పట్టుబడి అయ్యే వరకు, అంటే మూడు నాలుగు నెలల పాటు, అతని పెట్టుబడి నీళ్ళలోనే ఉంటుంది.

లాభం వచ్చిన రోజుల్లో అది పై నుంచి కిందికి చుక్కలు చుక్కలుగా దిగుతుంది. నష్టం మాత్రం ఒక్క ఉదుటున కిందికి దూకుతుంది. ఎగుమతిదారు ఏజెంటుకు ధర తగ్గిస్తాడు. ఏజెంటు రైతుకు తగ్గిస్తాడు. రైతు డీలరుకు బాకీ ఆపుతాడు, డీలరు గుమాస్తా జీతం ఆపుతాడు, గుమాస్తా పాలవాడి పద్దు ఆపుతాడు. ప్రతి ఒక్కరూ తన నెత్తిమీది బరువును పక్కవాడి నెత్తిన పెట్టాలని చూస్తారు. ఇస్లాం వ్యాపార నీతి సరిగ్గా ఇక్కడే మనల్ని పట్టి నిలబెడుతుంది.

పరిస్థితిని బట్టి పద్ధతి మార్చుకోవడానికి షరీఅత్ ఎంతో విశాలమైన అవకాశమిచ్చింది. సరుకు మార్చవచ్చు, ధర మార్చవచ్చు, అరువు తగ్గించవచ్చు, కొత్త మార్కెట్ వెతకవచ్చు. కాని ఒక హద్దు గీసింది. నష్టాన్ని ఇష్టపూర్వకంగా పంచుకోవచ్చు. వడ్డీ ద్వారానో మోసం ద్వారానో బలహీనుడి మీద రుద్దకూడదు. ఈ వ్యాసం సారాంశమంతా ఇదే. ఇక ఒక్కొక్క అంశాన్ని పరిశీలిద్దాం.

1. దారి మార్చుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మక్కాలో ధనవంతులు. హిజ్రత్ చేసి మదీనా చేరేసరికి చేతిలో ఏమీ లేదు. అన్సారీ సోదరుడు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దుఆ చేసి, బజారు ఎక్కడుందో చూపిస్తే చాలన్నారు. పెద్ద బిడారులు నడిపిన వ్యక్తి పనీరు, నెయ్యి లాంటి చిన్న సరుకులతో మళ్ళీ మొదలుపెట్టారు. కొద్దికాలానికే నిలదొక్కుకున్నారు. చిన్న సరుకు అమ్మడాన్ని ఆయన చిన్నతనంగా భావించలేదు.

నేటి మేత డీలరుకు, ఐసు వ్యాపారికి ఇందులో మార్గదర్శనం ఉంది. రొయ్యలు తగ్గిన ఏడాది చేపల సాగుకు కావలసిన సరుకు తెచ్చుకోవచ్చు. ఎగుమతి ప్లాంటుకే ఐసు వేసినవాడు ఊరి మార్కెట్లకు, జువ్వలదిన్నె తీరంలోని మత్స్యకారులకు వేయడానికి ప్రయత్నించవచ్చు. పెద్ద కౌంటు రొయ్యకు గిరాకీ పడిపోతే, ఏ కౌంటుకు ఏ దేశంలో, మన దేశంలోనే ఏ నగరంలో గిరాకీ ఉందో ఏజెంటు తెలుసుకుని రైతుకు ముందే చెప్పవచ్చు. అమెరికా దారి ఇరుకైనప్పుడు ఎగుమతిదారులు యూరప్ వైపు, ఇతర దేశాల వైపు చూసింది ఈ సూత్రంతోనే. ఇది చలికాలం యమన్‌కు, వేసవిలో సిరియాకు వెళ్ళడం లాంటిదే.

2. కలిమి రోజుల్లోనే లేమికి ఏర్పాటు

హజ్రత్ యూసుఫ్ (అలై) వృత్తాంతం మనందరికీ తెలుసు. రాజు కన్న కలకు ఆయన అర్థం చెప్పి ఊరుకోలేదు, ప్రణాళిక కూడా ఇచ్చారు. ఏడు సంవత్సరాలు ఎప్పటిలాగే సేద్యం చేయాలి. తినడానికి కావలసిన కొంచెం మినహా మిగిలిన ధాన్యాన్ని వెన్నులోనే ఉంచాలి. తర్వాత వచ్చే ఏడు కరువు సంవత్సరాలు ఆ నిల్వతో గడపాలి. అప్పుడు కూడా కొంత భద్రంగా మిగుల్చుకోవాలి (యూసుఫ్ సూరా 47-49).

ఇందులో మూడు మెట్లు కనిపిస్తాయి. మంచి రోజుల్లో ఖర్చు అదుపులో ఉంచడం, నిల్వను చెడిపోని పద్ధతిలో దాచడం, ఎంత కష్టంలోనూ విత్తనాన్ని తినేయకపోవడం. చిన్న వ్యాపారికి విత్తనమంటే మూలధనమే. రొయ్య ధర బాగున్న ఏడాది వచ్చిన లాభంతో ఆడంబరంగా పెళ్ళిళ్ళు చేసి, అప్పు మీద కార్లు కొని, తర్వాతి పంట సరుకుకు వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కితే ఆ తప్పు మార్కెట్‌దా, మనదా?

ఇక్కడ ఒక తేడా గమనించాలి. యూసుఫ్ (అలై) దాచింది ప్రజల్ని బతికించడానికి. కొరత సృష్టించి ధర పెంచేందుకు సరుకును దాచేవాడు పాపాత్ముడని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్పష్టం చేసినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. లాక్‌డౌన్ లాంటి రోజుల్లో గోదాములో మేత ఉంచుకుని లేదని చెప్పడం ఈ కోవలోకే వస్తుంది.

3. అరువు అమ్మకం: ధర ఒకటే, గడువు ఒకటే

మన ప్రాంతంలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఉదాహరణకు ఒక బస్తా మేత నగదుకైతే 2,000 రూపాయలు, నాలుగు నెలల అరువుకైతే 2,150 రూపాయలు అనుకుందాం. బేరం కుదిరేటప్పుడే 'అరువుకే తీసుకుంటున్నాను, ధర 2,150' అని ఇద్దరూ ఖాయం చేసుకుంటే అధిక సంఖ్యాకులైన ఉలమాల దృష్టిలో అది ధర్మసమ్మతమైన అమ్మకం. ధర ఏదో తేల్చకుండా 'ఎప్పుడిస్తే అప్పటి లెక్క' అని సరుకు ఎత్తుకుపోతే ఆ బేరం చెల్లదు. ఇక గడువు దాటాక 'నెలకు నూటికి రెండు చొప్పున కలుపుతాను' అంటే అది వడ్డీయే. అజ్ఞానకాలంలో అరబ్బులు గడువు దాటిన అప్పుపై చేసింది ఇదే. దానికి 'లేటు చార్జీ' అని పేరు పెట్టినా, 'ఖాతా ఖర్చు' అని రాసినా స్వభావం మారదు.

మరొక అలవాటు కూడా ఉంది. 'అప్పు నేనిస్తాను, పంట మాత్రం నాకే, నేను చెప్పిన ధరకే ఇవ్వాలి' అనే షరతు. అప్పుకు లాభాన్ని షరతుగా ముడిపెడితే అది వడ్డీ అవుతుందని ఫుఖహాలు చెప్పారు. మార్కెట్ ధరకంటే కిలోకు పది రూపాయలు తగ్గించి తీసుకుంటే, ఆ పది రూపాయలే వడ్డీ. నోటు మీద వడ్డీ రాయలేదని మనసును సమాధానపరచుకోవచ్చు గాని అల్లాహ్ ఎదుట లెక్క తప్పించుకోలేము.

కనుక సంక్షోభంలో అరువు ఇవ్వలేకపోతే ఇవ్వనని మర్యాదగా చెప్పండి. సగం నగదు, సగం అరువు అనండి. ఒకే రైతుకు పది బస్తాలకు బదులు నాలుగు ఇవ్వండి. ఇవన్నీ ధర్మసమ్మతమైన జాగ్రత్తలే. ఇచ్చింది మాత్రం రాసిపెట్టుకోండి. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు అప్పును రాసుకోవడం గురించే (అల్ బఖరా 282). మనవాడే కదా అని రాయకుండా వదిలేసిన బాకీ గడ్డుకాలంలో ఇద్దరు బావమరుదుల మధ్య గోడ కడుతుంది.

4. గడువివ్వడం ఒకరి బాధ్యత, తీర్చడం మరొకరి బాధ్యత

రుణగ్రస్తుడు ఇబ్బందిలో ఉంటే అతనికి వెసులుబాటు కలిగే వరకు గడువివ్వాలని, మాఫీ చేస్తే అది ఇంకా మేలని అల్ బఖరా 280వ ఆయతు ఆదేశిస్తోంది. పూర్వం ఒక వర్తకుడు ఉండేవాడు. ఇబ్బందిలో ఉన్నవారిని చూసీచూడనట్టు వదిలేయమని తన సేవకులతో చెప్పేవాడు. ఆ ఒక్క గుణం వల్ల అల్లాహ్ అతణ్ణి క్షమించాడని బుఖారీ, ముస్లింలలో ఉంది.

అయితే ఇస్లాం ఒక పక్షాన్నే మాట్లాడదు. హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) తనకు రావలసిన బాకీని హజ్రత్ ఇబ్న్ అబీ హద్రద్ (రజి)ను మస్జిదులో అడిగారు. మాటా మాటా పెరిగి గొంతులు పైకి లేచాయి. మహాప్రవక్త (స) తన గది తెర తొలగించి, సగం వదులుకోమని కఅబ్ (రజి)కి సైగ చేశారు. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అప్పుడు రెండో వ్యక్తితో, ఇక లేచి మిగిలిన సగం తీర్చేయమన్నారు. ఈ సంఘటనలో ఎంత న్యాయముందో చూడండి! ఇచ్చినవాడు సగం వదులుకున్నాడు. తీసుకున్నవాడికి మిగిలిన సగానికి సాకు మిగల్లేదు.

స్తోమత ఉండి కూడా బాకీ చెల్లించకుండా తిప్పడం దౌర్జన్యమని మహాప్రవక్త (స) హెచ్చరించారు. సంక్షోభం వచ్చిందన్న మాటను అడ్డుపెట్టుకుని, చేతిలో డబ్బుండి కూడా చిన్న సరఫరాదారును తిప్పే పెద్ద వ్యాపారులు ఈ హెచ్చరికను మనసుకు పట్టించుకోవాలి. ఐసువాడి ఐదు వేలు మీకు చిల్లర కావచ్చు, అతనికి మాత్రం అది కరెంటు బిల్లు!

ప్రకృతి వైపరీత్యం గురించి మరో బోధన ఉంది. పండ్లను అమ్మిన తర్వాత అవి విపత్తుకు గురైతే, అన్యాయంగా సోదరుని సొమ్ము ఎలా తీసుకుంటారని మహాప్రవక్త (స) ప్రశ్నించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. దీన్ని కొందరు ఇమాములు తప్పనిసరి ఆదేశంగా, మరికొందరు ఉత్తమ ప్రవర్తనగా అర్థం చేసుకున్నారు. ఏ విధంగా చూసినా దాని స్ఫూర్తి స్పష్టం. తుపాను దెబ్బ తిన్నవాడి మీద రెండో దెబ్బ మనం వేయకూడదు.

5. వడ్డీ లేకుండా ముందస్తు పెట్టుబడి

'వడ్డీ వద్దంటారు సరే, పంటకు పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తుంది?' అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. మహాప్రవక్త (స) మదీనా వచ్చేసరికి అక్కడివారు ఖర్జూరాలకు ఒకటి రెండేళ్ళ ముందే డబ్బిచ్చి కొనేవారు. ఆయన దాన్ని రద్దు చేయలేదు. కొలత, తూకం, గడువు నిర్దిష్టంగా ఉండాలన్న నియమం పెట్టారు. దీన్నే 'సలమ్' అంటారు.

సాగుదారుకు ఇది ఎలా వర్తిస్తుంది? కొనుగోలుదారు ముందే మొత్తం ధర చెల్లించి, ఫలానా కౌంటు రొయ్య, ఇన్ని కిలోలు, ఫలానా తేదీకి, ఫలానా చోట అప్పగించాలని రాసుకోవచ్చు. ఫలానా గుంటలోని పంటే ఇవ్వాలని కట్టివేయకూడదు. ఎందుకంటే ఆ గుంట దెబ్బతింటే బేరమే గాలిలో కలుస్తుంది. గడువుకు సరుకు దొరకకపోతే కొనుగోలుదారు వేచి ఉండవచ్చు లేదా తానిచ్చిన సొమ్మునే తిరిగి తీసుకోవచ్చు. దానిపై అదనం తీసుకోకూడదు.

నీళ్ళలో ఎంత ఉందో తెలియని సరుకును గుత్తగా అమ్మేయడం మాత్రం వేరు. నీటిలోని చేపను పట్టకముందే అమ్మడాన్ని ఫుఖహాలు 'గరర్', అంటే అనిశ్చితితో కూడిన బేరానికి ఉదాహరణగా చెప్పారు. కిలో ధర మాట్లాడుకుని, పట్టుబడి రోజు ఇద్దరి ఎదుట కాటా వేసి లెక్క తేల్చుకోవడం వివాదం లేని దారి.

భాగస్వామ్యం మరో మార్గం. ముదారబాలో ఒకరి డబ్బు, మరొకరి శ్రమ. లాభాన్ని ముందే అనుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. నష్టం వస్తే, పనిచేసినవాడి నిర్లక్ష్యం లేనంతవరకు, ధనం పెట్టినవాడు ధనం నష్టపోతాడు, శ్రమించినవాడు తన శ్రమ నష్టపోతాడు. 'లాభమొస్తే సగం, నష్టమొస్తే నా అసలు నాకివ్వాలి' అనే ఒప్పందం భాగస్వామ్యం కాదు.

6. కష్టం మోసానికి అనుమతి పత్రం కాదు

మహాప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు కుప్పలో చెయ్యి పెట్టారు. లోపల తడి తగిలింది. వర్తకుణ్ణి అడిగితే వాన పడి తడిసిందన్నాడు. అంటే అతను నిజంగానే నష్టపోయాడు! అయినా జనం చూసేలా ఆ తడిసినదాన్ని పైన ఎందుకు పెట్టలేదని ప్రశ్నించి, మోసగించేవాడికి తనతో సంబంధం లేదన్నారు. నష్టపోయినవాడికి ఓదార్పు దక్కవచ్చు గాని మోసగించే హక్కు దక్కదు.

చెమ్మ పట్టిన మేతను కొత్త బస్తాల మధ్య ఇరికించడం, గడువు దాటిన మందుకు కొత్త చీటీ అంటించడం, కాటా ముందు నీళ్ళు కార్చకుండా తూయడం, కూలీ లెక్కలో కోత పెట్టడం... ఇవన్నీ ఆ తడిసిన కుప్పలే. నిషేధించిన యాంటీబయాటిక్స్‌ను గుట్టుగా అమ్మడం అన్నిటికంటే ప్రమాదకరం. వాటి అవశేషాలు దొరికి విదేశాల్లో మన సరుకు తిరస్కరణకు గురైతే ఒక్క దుకాణం కక్కుర్తికి తీరమంతా మూల్యం చెల్లిస్తుంది.

7. కలిసి మోస్తే తేలికవుతుంది

యమన్ నుంచి వచ్చిన అష్అరీ తెగవారిని మహాప్రవక్త (స) ఎంతగానో మెచ్చుకున్నారు. ప్రయాణంలోగాని, ఊళ్ళోగాని ఆహారం తగ్గిపోతే ఎవరి దగ్గర ఉన్నది వారు తెచ్చి ఒక గుడ్డలో పోసి, ఒకే గిన్నెతో సమానంగా పంచుకునేవారు. కొరత రోజున దాచుకోకుండా కలుపుకోవడం వారి గొప్పతనం.

ఊళ్ళో ఐదారుగురు చిన్న డీలర్లు కలిసి ఒకే లారీ సరుకు తెప్పించుకుంటే రవాణా ఖర్చు తగ్గుతుంది. మస్జిదు కమిటీ ఆధ్వర్యంలో వడ్డీలేని చిన్న రుణనిధి ఉంటే కుట్టు మిషను, ఐసు పెట్టె తాకట్టు పెట్టవలసిన అగత్యం తప్పుతుంది. జకాత్ హక్కుదారుల ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో కూరుకుపోయినవారు ఒకరు (అత్తౌబా 60).

జకాత్ గురించి రెండు మాటలు. సంవత్సరం పూర్తయిన రోజున దుకాణంలోని అమ్మకపు సరుకును కొన్న ధరకు కాదు, ఆ రోజు మార్కెట్ ధరకు లెక్కకట్టాలి. నాలుగు లక్షలకు కొన్న సరుకు విలువ మూడు లక్షలకు పడిపోతే ఆ సరుకుపై జకాత్ 7,500 రూపాయలు. ఇక రాని బాకీని మాఫీ చేసి, దాన్నే జకాత్‌గా చూపుకోవచ్చా? అధికశాతం ఉలమాలు కుదరదన్నారు. అర్హుడైతే జకాత్ సొమ్ము ముందు అతని చేతికివ్వాలి. ఆ సొమ్ముతో బాకీ తీర్చాలా, ఇల్లు గడుపుకోవాలా అన్నది అతని ఇష్టం.

ఆచరణలో పెట్టవలసినవి

• మీ అమ్మకంలో సగానికి మించి ఒకే కొనుగోలుదారుపై ఆధారపడి ఉంటే ఈ ఏడే రెండో దారి వెతకండి.
• లాభమొచ్చిన ప్రతి పంటలోనూ కొంత మూలధనంగా పక్కన పెట్టండి.
• అరువు ధర, గడువు బేరం రోజే రాయండి. తర్వాత ఒక్క రూపాయి కలపకండి.
• బాకీ తీర్చలేకపోతే మొహం చాటేయకుండా మీరే వెళ్ళి చెప్పి గడువు అడగండి.
• మీరు చెల్లించవలసిన చిన్నవారి బాకీలు ముందు చెల్లించండి.
• సరుకు లోపాన్ని కొనేవాడు కనిపెట్టకముందే మీరు చెప్పండి.

సోదరులారా! హిజ్రీ 18వ సంవత్సరంలో అరేబియాలో ఘోరమైన కరువు వచ్చినప్పుడు ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ప్రజలకు దొరకని నెయ్యిని తానూ ముట్టలేదు. ఆ ఏడు జకాత్ వసూలును వాయిదా వేశారని చరిత్రకారులు పేర్కొన్నారు. పైన ఉన్నవాడు బరువును ముందుగా తాను ఎత్తుకున్నాడు కనుకనే కింద ఉన్నవారు నలిగిపోలేదు. మనలో ప్రతి ఒక్కరికీ పైన ఒకరున్నారు, కింద ఒకరున్నారు. పైవాడి నుంచి గడువు కోరుకునే మనం కిందివాడికి గడువిస్తున్నామా? ఈ రాత్రి ఖాతా పుస్తకం మూసేముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకుందాం.

అల్లాహ్ మన సంపాదనను ధర్మసమ్మతం చేయుగాక! అప్పుల భారం నుంచి, వడ్డీ ఊబి నుంచి మనల్ని కాపాడుగాక! మన వల్ల మరొకరి ఇంట పొయ్యి ఆరిపోకుండా చూచుగాక! ఆమీన్.